ముగ్గురు తీసిన కెమెరా

"నేను తీయలేదండీ," అంది వచ్చినావిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "తీశానని ఒప్పుకున్నాను. కానీ తీయలేదు."

ప్రూఫు గారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "తీయనప్పుడు తీశానని ఎందుకు ఒప్పుకున్నారు?"

"తీశాను కనకనండీ."

స్టెనో పెన్సిలు ఆగిపోయింది. ఇంకా పది కూడా కాలేదు, అప్పుడే తల తిరగడం మొదలైంది. రాసింది మళ్ళీ చదువుకుంది. తీయలేదు, తీశాను, తీయలేదు, తీశాను. ఈవిడకి కావలసింది డిటెక్టివా, డాక్టరా?

ప్రూఫు గారు మాత్రం పాయసం గిన్నె ముందు పెట్టినట్టు మొహం పెట్టారు. ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్ది, ఆ తర్వాత మనుషుల తప్పులు వెతికే పనిలోకి దిగిన మనిషాయన. ఆఫీసంటే మేడ మీద రెండు గదులు, కాలు విరిగిన టేబులు ఒకటి. స్టెనో అంతకు ముందు కోర్టులో షార్ట్‌హ్యాండు రాసేది. ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా రాయడం ఆమె ఉద్యోగం. ఆ రాసింది చదివి "జవాబు ఇందులోనే ఉందిగా అమ్మా" అనడం ఆయన అలవాటు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. ఆయనే గెలిచేవారు కాబట్టి ఆ మంట ఎక్కువసేపు నిలిచేది కాదు.

"ముందు కూర్చోండి," అన్నారాయన. "మొదట్నించి చెప్పండి."

కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల యూనిఫాం, భుజానికి గుడ్డసంచి, కుడిచేతి చూపుడు వేలికి చిన్న ప్లాస్టరు. ఇళ్ళలో ఉండి మంచంపట్టినవాళ్ళని చూసుకునే నర్సు. ఆర్నెల్లుగా ఒక గడియారాల మేస్త్రీ ఇంట్లో పనిచేస్తోంది. ఏడాది కింద పక్షవాతం వచ్చి మేస్త్రీకి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా పోయి, ఏవో రెండు మూడు ముక్కలు మిగిలాయి. ఇంట్లో కూతురు, అల్లుడు ఉంటారు. కూతురు లెక్కల టీచరు. అల్లుడు పైపుల కంపెనీలో గుమాస్తా.

"ఆ ఇంట్లో ఒక కెమెరా ఉందండీ. మీట నొక్కగానే ఫొటో బయటికొచ్చేస్తుంది చూడండి, ఆ రకం. పోయిన పెద్దమ్మగారిది. ఆవిడ చేత్తో వేసిన ఫిల్ము ఇంకా అందులోనే ఉంది. పది కాగితాల్లో ఎనిమిది ఆవిడే తీశారు. రెండు మిగిలాయి. మూడేళ్ళుగా ఆ రెంటినీ ఎవర్నీ ముట్టుకోనివ్వరు పెద్దాయన. ఇవాళ పొద్దున్న కెమెరా వెనక అంకె మారిందని టీచరమ్మగారు నా సంచి చూశారు. అందులో ఆ కెమెరా పైతొడుగు దొరికింది. పగిలిపోయి."

"మీ సంచిలోకి ఎలా వచ్చింది?"

"చెప్పకూడదండీ. మాటిచ్చాను."

"ఎవరికి?"

"అదీ చెప్పకూడదండీ."

"బాగుంది," అన్నారు ప్రూఫు గారు, నిజంగానే బాగున్నట్టు.

"టీచరమ్మగారు అలమరలో ఉన్న కెమెరా చేతికి తీసుకుని 'ఎవరు తీశారు?' అని గట్టిగా అడిగారు. నేనే తీశానన్నాను. ఆవిడ 'చూశారా, దొంగ ఒప్పుకుంది' అని మా ఆఫీసుకి ఫోను చేసేశారు. నాలుగింటికి మనిషొస్తాడు. నా కార్డు మీద దొంగతనం అని రాశాడంటే ఇంకే గడపా తొక్కలేనండీ. పదిహేనేళ్ళ సర్వీసు. ఒక్క చెంచా అటూ ఇటూ కాలేదు." ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నేను చెప్పకూడనిది చెప్పకుండా, నేను దొంగని కాదని మీరు తేల్చగలరా?"

స్టెనోకి జాలేసింది, కోపమూ వచ్చింది. నోరు విప్పని క్లయింటుని పట్టుకుని ఏం ఈదాలి? ప్రూఫు గారు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

* * *

తలుపు తీసిన లెక్కల టీచరు ఎగాదిగా చూసింది. చేతిలో ఎర్రపెన్ను, చంకలో జవాబు పేపర్ల కట్ట.

"డిటెక్టివా? రండి, నిక్షేపంగా చూసుకోండి. నేను ఊరికే నింద వెయ్యను. నా దగ్గర లెక్కుంది."

హాలు పొందిగ్గా ఉంది. ఒక గోడకి పాత లోలకం గడియారం. దాని ఎదురుగా చక్రాల కుర్చీలో మేస్త్రీ. సన్నటి మనిషి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. గడియారం పక్కన వరసగా చిన్న చిన్న ఫొటోలు, తెల్ల అంచులవి. మేస్త్రీ నవ్వుతూ, మేస్త్రీ కళ్ళకి భూతద్దం బిగించుకుని, అల్లుడు నిద్రపోతూ, కిటికీలో పిల్లి. అన్నీ పెద్దావిడ తీసినవే. ఒక ఫొటోలో ఎడమ అంచున మూడు చుక్కల దుమ్ము కనిపించి స్టెనో వేలితో తుడిచింది. పోలేదు. పక్కదాంట్లోనూ ఉంది. దాని పక్కదాంట్లోనూ.

"అమ్మ ఫొటోలు ముట్టుకోకండి," అంది టీచరు.

స్టెనో చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇందులో మీరు ఎక్కడా లేరే?" అన్నారు ప్రూఫు గారు.

టీచరు పేపర్ల కట్ట చంకలోకి నొక్కుకుంది. "నాకెప్పుడూ తీరికుండేది కాదు. పేపర్లు దిద్దుకోవాలి, తర్వాత చూద్దాంలే అనేదాన్ని. సరే, రెండు కాగితాలు నీకోసం అట్టేపెడతానంది అమ్మ. అట్టేపెట్టింది." ఎర్రపెన్నుతో టేబులు వైపు చూపించింది. "అందుకే అడుగుతున్నాను. ఇదిగో, నా లెక్క."

టేబులు మీద న్యూస్‌పేపరు పరిచి ఉంది. దాని మీద మధ్యకి పగిలిన మీగడరంగు తొడుగు, పక్కన ఒక యంత్రం, అంటే కెమెరా లోపలి భాగం. చిన్న కాగితప్పొట్లాలు మూడు. ఆ పక్కనే పగలని మీగడరంగు కెమెరా ఒకటి, నిండుగా.

"పగిలినది అమ్మది. మీట పక్కన ఎర్రచుక్క చూడండి. నాన్నకి రెండు మీటల్లో ఏది నొక్కాలో గుర్తుండదని అమ్మ గోళ్ళరంగుతో పెట్టింది. దీన్ని ఈవిడ పగలగొట్టి, విప్పి, సంచిలో పెట్టుకుని, అలమరలో ఇంకోటి తెచ్చి పెట్టింది. పైగా దానికీ చుక్క పెట్టింది! ఎంత తెలివో చూడండి. కానీ లెక్క తప్పింది. అమ్మ కెమెరా వెనక అంకె రెండు చూపించాలి. ఇది ఎంత చూపిస్తోంది?"

ప్రూఫు గారు వంగి చూశారు. "తొమ్మిది."

"రెండు తొమ్మిదెలా అవుతుంది?"

"కూడితే కాదు," అని ఒప్పుకున్నారాయన.

"లోపల కొత్త ఫిల్ముంది. కావాలంటే ఇప్పుడే తెరిచి చూపిస్తా." ఆవిడ వెనక తలుపు మీద వేలు వేసింది.

కుర్చీలోంచి మేస్త్రీ "ఆఁ! ఆఁ!" అని అరిచాడు. నర్సు ముందుకు దూకింది. వాళ్ళిద్దరికన్నా ముందు ప్రూఫు గారి చెయ్యి ఆ తలుపు మీద పడింది.

"తెరవకండి. లోపల ఏమున్నా వెలుతురు తగిలితే మాడిపోతుంది. పోయాక ఎవరి లెక్కా తేలదు." ఆయన కెమెరాని మెల్లిగా తన వైపు తీసుకున్నారు. "ఈ బ్యాటరీల మూత తీస్తే మాత్రం ప్రమాదం లేదు కదూ?" మూత తీసి, లోపలివైపు భూతద్దం పెట్టి చూశారు. "ఊఁ," అన్నారు. స్టెనో కూడా తొంగి చూసింది. ప్లాస్టిక్ మీద ఏవో పిచ్చి గీతలు కనిపించాయి. రాసుకోడానికి కూడా అక్కరకు రాని గీతలు. అయినా రాసుకుంది.

తర్వాత ఆయన పొట్లాలు విప్పారు. ఒకదాంట్లో పొడుగు స్క్రూలు, ఒకదాంట్లో పొట్టివి, ఒకదాంట్లో మరీ చిన్నవి.

"దొంగకి మంచి శ్రద్ధుంది," అన్నారు. టీచరు వినిపించుకోలేదు.

అప్పుడు మొదలుపెట్టారు ప్రశ్నలు. ముందు మేస్త్రీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"ఎవరు తీశారు మేస్త్రీ గారూ?"

మేస్త్రీ ఎడమచేత్తో గుండె మీద కొట్టుకున్నాడు. "తీ... శా. నే... తీశా." అని, ఎదురుగా గడియారం వైపు చూశాడు.

"పొద్దున్నించీ ఇదే పాట," అంది టీచరు. "నర్సుని కాపాడాలని నేనే తీశానంటున్నారు. ఈ చేత్తో ఏం తీస్తారు? పోయినేడు మిక్సీ బాగుచేస్తానని కూర్చుని షాకు కొట్టించుకున్నారు. అప్పుడే పనిముట్ల పెట్టెకి తాళం వేసేశాను. ఇంకోసారి స్క్రూడ్రైవరు ముట్టుకుంటే పెట్టెతో సహా పాత ఇనుముకి వేసేస్తానని కూడా చెప్పాను."

మేస్త్రీ తల దించుకున్నాడు. నర్సు కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆయన గడియారం వైపే చూస్తున్నారేం?"

"నాలుగెప్పుడవుతుందా అని. నర్సు వెళ్ళిపోతుందని బెంగ. వారం నుంచి ఒంట్లో కూడా బాగుండటం లేదు. మూడు రోజులు వరసగా పొద్దున్నే బాత్రూంలో దూరితే గంటన్నరకి గానీ రాలేదు. పట్టుకోడానికి నర్సు కూడా లోపలే. బోలెడు అరటిపళ్ళు తెప్పించి పెట్టాను."

ప్రూఫు గారు చేతులు కడుక్కుంటానని బాత్రూంలోకి వెళ్ళి, చేతులు తడపకుండానే బయటికొచ్చారు. స్టెనో వెళ్ళి చూస్తే వెంటిలేటరు అద్దం చుట్టూ టేపు ఊడదీసిన జిగురు మరకలు, కిందపడిన నల్లకాగితం ముక్క ఒకటి. ఇది కూడా రాసుకుంది. ఏదీ దేనికీ అతకడం లేదు. కెమెరా పోతే బాత్రూం కిటికీకి నల్లకాగితం ఎందుకు?

పన్నెండున్నరకి అల్లుడు భోజనానికి ఇంటికొచ్చాడు. లావాటి మనిషి, భార్య గొంతు వినగానే భుజాలు కాస్త కిందికి దిగే మనిషి.

"ఈ కెమెరా మీరెప్పుడైనా తీశారా?"

"నేనా?" చేతిసంచి కింద పెట్టాడు. "తీశానండీ. పోయినదాని ముందు ఆదివారం అలమరలోంచి నేనే తీశాను. దుమ్ము దులిపాను. తర్వాత అలమరలో పెట్టేశాను. అంతే."

స్టెనో రాసింది. నేనే తీశాను. పేజీ వెనక్కి తిప్పింది. నర్సు, నేనే తీశాను. మేస్త్రీ, నే తీశా. ఇప్పుడు అల్లుడు. దొంగతనం చేసినవాడు ఒకడైతే ఒప్పుకున్నవాళ్ళు ముగ్గురు. కోర్టులో పదేళ్ళు రాసింది, ఒప్పుకోనివాళ్ళని చూసిందే గానీ ఇలా పోటీపడి ఒప్పుకునేవాళ్ళని ఎక్కడా చూడలేదు.

"ఎలాగూ ఉన్నారు కదా," అని ప్రూఫు గారు పగలని కెమెరా అతని చేతికిచ్చారు. "దీంతో నాదొక ఫొటో తీయండి."

"అది పనిచేయదుగా," అన్నాడు అల్లుడు ఠక్కున.

"ఓహో. అయితే వద్దులెండి," అని ప్రూఫు గారు కెమెరా వెనక్కి తీసేసుకుని, టీచరు వైపు తిరిగారు. "చివరిగా ఒక్కటి. ఏమీ అనుకోకండి, మీ గోళ్ళరంగు సీసా ఎక్కడుంటుంది?"

"మా పడగ్గదిలో. ఆ గదికి తాళం వేసుకునే స్కూలుకి వెళ్తాను. ఎందుకు?"

"రంగు బాగుంది," అన్నారాయన.

వీధిలో టీ తాగుతూ స్టెనో నోట్‌బుక్కు ఆయన ముందు పడేసింది. "నాకు మతి పోయింది. ఎవర్ని నమ్మాలి?"

"ముగ్గుర్నీ."

"ముగ్గురూ తీశారా? ఒక్క కెమెరానా?"

"నువ్వు రాసిందే కదమ్మా ఇది. జవాబు ఇందులోనే ఉంది." ఆయన ఎర్రపెన్సిలు తీసి మూడు వాక్యాల కిందా మూడు గీతలు గీశారు. "తప్పెక్కడుందో చూడు. ఉన్న మాటల్లో కాదు, లేని మాటలో."

స్టెనోకి ఒళ్ళు మండింది.

* * *

నాలుక్కి పది నిమిషాలుండగా అందరూ హాల్లో కూర్చున్నారు. నర్సుల్ని పంపే ఆఫీసు మనిషి ముందే వచ్చేసి, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, పెన్ను క్యాపు కూడా తీసేశాడు. ఆ పెన్ను మొన వైపే నర్సు చూపంతా. టీచరు నిలబడే ఉంది. అల్లుడు సోఫా చివర ఒదిగి కూర్చున్నాడు.

"ఈ ఇంట్లో ఒక్కరు కూడా అబద్ధం ఆడలేదు," అని మొదలుపెట్టారు ప్రూఫు గారు. "ఒకరు మాత్రం నిజం సగంలో మింగేశారు. టీచరమ్మా, మీరు లెక్కలు చెప్తారు కాబట్టి లెక్క చూశారు. నేను వాక్యాలు దిద్దినవాణ్ణి కాబట్టి వాక్యాలు చూశాను. 'నేనే తీశాను' అని ముగ్గురన్నారు. కర్త ఉంది, క్రియ ఉంది. కర్మే లేదు. ఏం తీశారో ఒక్కరూ చెప్పలేదు, మీరూ అడగలేదు."

"నా ఖర్మ," అన్నాడు అల్లుడు సోఫాలోంచి, ఎవరికీ వినపడదనుకుని.

"మీ దగ్గరికే వస్తున్నాను. మన మాటలో ఫొటో తీస్తాం, మూత తీస్తాం, అలమరలోంచి వస్తువు తీస్తాం, ఎదుటివాడి జేబులోంచీ తీస్తాం. అన్నిటికీ ఒకటే మాట. పొద్దున్న మీరు కెమెరా చేత్తో పట్టుకుని 'ఎవరు తీశారు' అన్నారు. దొంగతనం గురించి మీరడిగారు. ఫొటో గురించి నర్సమ్మ జవాబు చెప్పింది."

"ఏ ఫొటో?"

"తొందరపడకండి. ముందు మీ రెండూ తొమ్మిదీ సంగతి. కెమెరా వెనకున్న అంకె లోపల కాగితాలెన్నున్నాయో లెక్కపెట్టదు. వెనక తలుపు మూసిన దగ్గర్నించి ఎన్ని బయటికొచ్చాయో చూసుకుంటుందంతే. ఎవరైనా తలుపు తెరిచి మూశారంటే, లోపల ఎన్నున్నా మళ్ళీ పది దగ్గరే నిలబడుతుంది. తర్వాత ఒకటి తీస్తే తొమ్మిది. అంటే తలుపు ఒకసారి తెరిచారు, ఆ తర్వాత ఒక్క ఫొటో తీశారు. కొత్త ఫిల్ము అక్కర్లేదు."

"తెరిస్తే మాడిపోతుందని మీరే అన్నారు!"

"వెలుతుర్లో తెరిస్తే. మీ బాత్రూం వెంటిలేటరుకి ఎవరో నల్లకాగితం అంటించి తీసేశారు. జిగురింకా ఆరలేదు. మీ నాన్నగారికి వచ్చింది కడుపునొప్పి కాదమ్మా. అరటిపళ్ళు వృథా అయ్యాయి."

ఆఫీసు మనిషి పెన్ను క్యాపు పెట్టేసుకున్నాడు. స్టెనోకి ఇప్పుడు కొంచెం కొంచెం వెలుగు తగులుతోంది, ఆ వెలుగులో ఇంకా పెద్ద ముడి కనిపిస్తోంది. బాత్రూంలో ఉన్నది మేస్త్రీ. ఒంటిచెయ్యి మేస్త్రీ!

"మీ అమ్మగారి కెమెరా పోలేదు," అన్నారు ప్రూఫు గారు. "టేబులు మీద ఇదిగో, ఈ పగలని తొడుగులోనే ఉంది. తొడుగు మారింది, ప్రాణం అదే. ఈ పక్కనున్న విప్పేసిన యంత్రం మీరనుకున్నట్టు అమ్మగారిది కాదు. కొత్త తొడుగుతో పాటు వచ్చిన చచ్చిన యంత్రం."

"ఎవరు చెప్పారు మీకు?"

"గోడ మీది ఫొటోలు చెప్పాయి. మా స్టెనో తుడిచినా పోని మూడు చుక్కలు ప్రతి ఫొటోకీ ఎడమ అంచునే ఉన్నాయి, ఒకే ఎడంలో. ఫొటోని బయటికి నెట్టే చిన్న రోలరు మీద ఎప్పుడో పడిన గాటు అది. ఈ యంత్రంలోంచి వచ్చిన ప్రతి ఫొటోకీ అది చేసే సంతకం." ఆయన లేచి గోడ గడియారం దగ్గరికి వెళ్ళారు. "మేస్త్రీ గారు పొద్దున్నించీ చూస్తున్నది టైము కాదు. అనుమతిస్తారా?"

మేస్త్రీ కళ్ళు మూసి తెరిచాడు. ప్రూఫు గారు గడియారం తలుపు తీసి, లోలకం వెనక వేళ్ళు పెట్టి, తెల్ల అంచున్న ఫొటో ఒకటి బయటికి తీశారు. అందులో మేస్త్రీ ఉన్నాడు. ఎడమచేతిలో కళ్ళజోళ్ళు బిగించే బుల్లి స్క్రూడ్రైవరు పైకెత్తి పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఎడమ అంచున మూడు చుక్కలు.

టీచరు ఆ ఫొటో అందుకుంది. "నాన్న ఇలా నవ్వి ఏడాదయింది," అంది తనలో తానే.

"ఇది నర్సమ్మ తీసిన ఫొటో. బాగుచేసింది పనిచేస్తోందా లేదా చూడాలి కదా. ఆ పనిలోనే ఆవిడ వేలు కాలింది. ఫ్లాషు వెలగడానికి లోపల కరెంటు దాచుకుని ఉంటుంది, బ్యాటరీలు తీసేసినా కాసేపు కరుస్తుంది. ఇంక తొడుగు ఎవరు తీశారంటారా? మేస్త్రీలకి ఒక అలవాటుంది. ఏ గడియారం విప్పినా మూత లోపల తేదీ గీకి, తమ గుర్తు పెడతారు. ఈ గోడగడియారం తలుపు వెనక అలాంటివి పదున్నాయి. ఇప్పుడు ఈ బ్యాటరీల మూత చదవండి. నేను చదివితే నమ్మరు."

టీచరు భూతద్దంలోంచి చూసింది. గీతలు వంకర్లు పోయాయి, కానీ అంకెలే. పదిహేడో తేదీ. ఏడు నడుముకి అడ్డంగా చిన్న గీత.

"నాన్న ఏడు," అంది. "చిన్నప్పుడు నాకు అంకెలు దిద్దించింది ఈయనే. స్కూల్లో అందరూ నవ్వుతారని నేను ఆ గీత మానేశాను." ఆవిడ తండ్రి వైపు తిరిగింది. "ఎడమచేత్తోనా నాన్నా? చీకట్లోనా?"

"తీశా," అన్నాడు మేస్త్రీ, దొరికిపోయిన పిల్లాడిలా.

"తాళం వేసిన పెట్టె పాత ఇనుముకి పోతుందని ఆయన భయం," అన్నారు ప్రూఫు గారు. "అందుకే నర్సమ్మ చేత మాట తీసుకున్నారు. నేనూహిస్తున్నాను అంతే, ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు. ఉద్యోగం పోతున్నా చెప్పలేదు. చచ్చిన యంత్రం, పగిలిన తొడుగు మీ చెత్తబుట్టలో వేస్తే మీ కంటపడతాయని సంచిలో వేసుకుంది. స్క్రూలు పొట్లం కట్టింది మాత్రం ఆవిడ కాదు. అది నలభై ఏళ్ళ పనితనం."

"మరి పగలగొట్టింది ఎవరు?" టీచరు గొంతు మళ్ళీ స్కూలు గొంతు అయింది.

"ఈ పగలని తొడుగు మీది చుక్క చూడండి. మీ అమ్మగారిది గుండ్రంగా, పాతబడి ఇటుకరంగుకి తిరిగింది. ఇది కొత్తది, అలికేసి ఉంది, జన్మలో గోళ్ళరంగు ముట్టుకోనివాళ్ళు పెట్టినట్టు. రంగు మీ వేళ్ళ మీదున్నదే. ఆ సీసా ఉన్న గదికి తాళం. నర్సమ్మకి ఎలా అందుతుంది? పైగా మధ్యాహ్నం ఒకాయన ఈ కెమెరా పనిచేయదన్నారు. నొక్కి చూడకుండానే. కొన్నప్పుడే పనిచేయదని తెలిసినవాళ్ళు తప్ప ఇంకెవరంటారు ఆ మాట?"

అందరి తలలూ సోఫా చివరికి తిరిగాయి. 

"తీశానన్నానుగా," అన్నాడు అల్లుడు, ఏడుపుగొంతుతో. "అలమరలోంచి తీశాను. మర్నాడు ఆఫీసులో అందరికీ చూపిద్దామని. మెట్ల మీద జారింది. పాత సామాన్ల కొట్లో అచ్చం ఇలాంటిదే దొరికితే తెచ్చి పెట్టేశాను. అసలుది బూట్లపెట్టెలో పెట్టి అటక మీద దాచాను, ఎక్కడైనా బాగుచేయిద్దామని. చూస్తే పెట్టె ఖాళీ. మామయ్యగారు చుక్క చూసి పోల్చేసి, నర్సు చేత అటక వెతికించి ఉంటారు. ఇవాళ నర్సు సంచిలో దొరికిందనగానే... నా మెడకి చుట్టుకోలేదు కదా అని ఊరుకున్నాను. తప్పే. పొద్దున్నించీ ముద్ద దిగలేదు."

"మీ సంగతి తర్వాత," అంది టీచరు. ఆ మాటకే అతను ఇంకో రెండంగుళాలు కుంగాడు.

ఆవిడ నర్సు ముందుకు వెళ్ళి నిలబడింది. ఎర్రపెన్ను ఇంకా చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు దాన్ని అటూ ఇటూ తిప్పింది. "రోజూ పిల్లలకి చెప్తాను, జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వెయ్యను, ఎలా వచ్చిందో చూపించమని. నేనే చూడలేదు. నీ సంచిలో చెయ్యి పెట్టాను. దొంగవన్నాను. తప్పయిపోయింది అమ్మా."

 నర్సు ముక్కు తుడుచుకుని తల ఊపింది.

"అయితే కార్డు మీద ఏం రాయమంటారు?" అన్నాడు ఆఫీసు మనిషి.

"మాట తప్పదని రాయండి," అంది టీచరు. లోపలికి వెళ్ళి, తాళంచెవి తెచ్చి, తండ్రి ఎడమచేతిలో పెట్టి గుప్పిట మూసింది.

మేస్త్రీ ఆ తాళంచెవి జేబులో వేసుకుని, చెయ్యి మళ్ళీ చాచాడు. కెమెరా కావాలట. నర్సు తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆయన ఎడమచేత్తో కూతుర్ని చూపించి, గోడ దగ్గర నిలబడమని సైగ చేశాడు. తర్వాత నర్సుని కూడా.

"వద్దండీ, అది టీచరమ్మగారి కోసం అట్టేపెట్టింది," అంది నర్సు.

"వెనక తొమ్మిది ఉన్నాయిగా," అన్నాడు అల్లుడు.

"ఒక్కటే ఉంది," అన్నారు ప్రూఫు గారు.

టీచరు చేతిలోని పేపర్ల కట్ట టేబులు మీద పెట్టేసింది. నర్సు చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుంది. జుట్టు సర్దుకోబోయి మానేసింది. మేస్త్రీ కెమెరాని కడుపుకి ఆనించి, ఎడమచేతి బొటనవేలితో తడుముకుంటూ అల్లుడు అలికిన ఎర్రచుక్క దొరకబుచ్చుకున్నాడు. ఫ్లాషు వెలిగింది. లోపల ఏదో గరగరలాడి, తెల్ల అంచు మెల్లిగా పైకొచ్చింది.

మొదట ఏమీ లేదు. అందరూ ఆయన కుర్చీ చుట్టూ మూగారు, ఆఫీసు మనిషితో సహా. తర్వాత ఎడమ అంచున మూడు చుక్కలు తేలాయి. తర్వాత రెండు మొహాలు. టీచరు అందులో ఏడుస్తోంది, ఆ సంగతి ఆవిడకి ఫొటో చూసేదాకా తెలియదు.

"తీశా," అన్నాడు మేస్త్రీ.

ఈసారి ఏం తీశారని ఎవరూ అడగలేదు. స్టెనో కూడా నోట్‌బుక్కు మూసేసింది.